పాత మట్టిమిద్దెలో పొగగొట్టం పొయ్యి: కట్టే పద్ధతి, కాపాడుకునే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో గ్యాసు వచ్చిన ఇంట్లో కూడా కట్టెల పొయ్యి పోలేదు. స్నానాల నీళ్లు, రాగి సంగటి, పశువుల దాణా, చుట్టాలొస్తే పెద్ద వంట, అన్నీ దాని మీదే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ముసలివాళ్లు చలి కాచుకునేదీ దాని పక్కనే. చిక్కంతా పొగతోనే. పాత మిద్దెకు కిటికీలు తక్కువ, గోడలు రెండడుగుల మందం, వంటింట్లో గాలికి ఉన్న దారల్లా గవాచి, అంటే పైకప్పుకు వదిలిన వెలుతురు కంత. పొగ అందులోంచి పోయినంత పోతుంది. మిగిలింది వంట చేసే మనిషి గుండెల్లోకి పోతుంది.

ఇక్కడ చెప్పేది రెండు గిన్నెలు పట్టే, నాలుగంగుళాల పొగగొట్టం ఉన్న పొయ్యి గురించి. ఇది కొత్త సంగతేమీ కాదు. 1950ల మొదట్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీలో ఎస్.పి. రాజు ఇలాంటి పొయ్యి తయారుచేశారు. 1980ల్లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి ఆస్త్ర ఒలె అనే మెరుగైన పొయ్యి వచ్చింది. ఆ దశకంలోనే కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టి దాదాపు 20 ఏళ్లు నడిపింది. అయినా చాలా ఊళ్లలో అవి నిలవలేదు. పాడైన పొయ్యిని విప్పి చూస్తే ఎక్కువసార్లు కనబడే తప్పు ఒకటే: నోటి దగ్గర నుంచి గొట్టం కొన దాకా పొగ నడిచే దారి ఎక్కడో ఒకచోట ఇరుకైపోయి ఉంటుంది. కట్టేటప్పుడే ఇరుకు చేసి ఉంటారు, లేదా తర్వాత మసి పట్టి ఉంటుంది. అందుకే ఈ ఒక్క లెక్క మనసులో పెట్టుకోండి. నాలుగంగుళాల గొట్టం లోపలి వైశాల్యం సుమారు 12 చదరపు అంగుళాలు. పొగ దారి ఎక్కడా అంతకు తగ్గకూడదు.

ముందు మిద్దె చూడండి

పొయ్యి ఎక్కడ కట్టాలో పైకప్పే చెబుతుంది. మట్టిమిద్దెలో దూలాల మీద దంతెలు (సన్నటి అడ్డ కట్టెలు), వాటి మీద చెక్కలో కొమ్మలో పరిచి, ఆపైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు (ఉప్పుమన్ను) వేసి ఉంటారు. మట్టీ చౌడూ కాలవు. కిందున్న కట్టె మొత్తం కాలుతుంది. ఏళ్ల తరబడి పొగ తిన్న దంతెలకు జిగురుగా నల్లటి మసి పట్టి ఉంటుంది, దానికి నిప్పు ఇంకా తొందరగా అంటుకుంటుంది. గొట్టం వచ్చే చోటికి నాలుగు వైపులా రెండేసి అడుగుల మేర ఆ మసిని గీకేసి, గట్టి చీపురుతో దులపండి. అదే పనిలో దూలాలను సుత్తితో తట్టి చూడండి. డొల్లగా మోగితే చెదలు తిన్నట్టు. అలాంటి దూలాన్ని మార్చాకే మిగతా పని.

గొట్టం బయటికి పోవడానికి మూడు దారులున్నాయి. అన్నిటికన్నా మంచిది గవాచి. దాని చుట్టూ ముందే రాయో గచ్చో ఉంటుంది, దంతె కోయాల్సిన పని ఉండదు. గవాచి పెద్దదైతే గొట్టాన్ని ఒక మూలకు జరిపి, మిగతా చోటు వెలుతురుకు వదిలి అద్దం బిగించుకోవచ్చు. రెండోది మిద్దెకు కొత్తగా రంధ్రం పెట్టడం. మూడోది గోడలోంచి బయటికి తీసి, బయట నిలబెట్టడం. గోడ దారి తేలిగ్గా కనబడుతుంది కాబట్టి బేల్దారులు అదే చెబుతారు. కానీ బయట నిలబడిన రేకు గొట్టం తొందరగా చల్లబడుతుంది. చల్లబడిన పొగ పైకి లేవదు, మసి కూడా ఎక్కువ పడుతుంది. గొట్టం ఇంటి లోపల ఎంత ఎక్కువ దూరం నిలువుగా నడిస్తే అంత బాగా లాగుతుంది, చలికాలంలో ఆ వేడి గదికే దక్కుతుంది. గవాచి కింద చోటు లేకపోతేనే మిగతా రెండూ ఆలోచించండి.

గొట్టం వంపు లేకుండా నేరుగా పైకి పోవాలి. తప్పకపోతే 45 డిగ్రీల వంపులు రెండు, అంతకు మించి వద్దు. పడమటి గాలి జోరుగా తగిలే తలుపుకు ఎదురుగా పొయ్యి నోరు పెట్టకండి.

కావలసినవి

- 9×4×3 అంగుళాల కాలిన ఇటుకలు 90. పొయ్యికి 30, గొట్టం కింద కట్టే ఇటుక దిమ్మెకు 44 దాకా పడతాయి, మిగతావి విరిగిన వాటి బదులు.
- పోత ఇనుప జల్లెడ, సుమారు 7×6 అంగుళాలది. కమ్మీల మధ్య సందు చిటికెన వేలు దూరేంత, అంటే సుమారు 12 మిల్లీమీటర్లు ఉండాలి.
- 24 గేజి జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుప) రేకు గొట్టం, 4 అంగుళాల వ్యాసం, 10 అడుగులు. పైన టోపీ ఒకటి.
- 9 అంగుళాల ఇనుప వలయం ఒకటి, 8 అంగుళాలది ఒకటి. పాత బండి పట్టా ముక్కతో కమ్మరి వంచి ఇస్తాడు.
- ఎర్రమట్టి, పుట్టమన్ను, ఇసుక, వరి ఊక లేదా మెత్తగా దంచిన వేరుశెనగ పొట్టు, పేడ.

ఆస్బెస్టాస్ గొట్టం మిగిలిపోయి ఉందని వాడకండి. వేడికి చిట్లుతుంది, కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. పీవీసీ గొట్టం సంగతి చెప్పనక్కర్లేదు.

మన దగ్గర దేనికైనా మొదట చేతికొచ్చేది నాపరాయి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల, తాడిపత్రి బండలు ఇంటి నేలకు, అరుగుకు ఎంత బాగుంటాయో నిప్పుకు అంత పనికిరావు. నాపరాయి పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. పొరల మధ్య తేమ వేడికి ఆవిరై, రాయిని పెచ్చులుగా లేపేస్తుంది. ఒక్కోసారి పెళ్లుమని పగిలి ముక్క ఎగిరి పడుతుంది. పైగా ఎర్రగా కాలిన చోట రాయి మెల్లగా సున్నంగా మారి పొడి రాలుతుంది. పొయ్యి చుట్టూ గిన్నెలు పెట్టుకునే అరుగుకు బండ వేసుకోండి. మంట తగిలే చోట మాత్రం కాలిన ఇటుక, మట్టి తప్ప ఇంకేదీ వద్దు.

మట్టి కలపడం

ఆదోని, నంద్యాల వైపు నల్లరేగడి కాళ్ల కిందే ఉంటుంది, కానీ పొయ్యికి వాడకూడదు. తడికి ఉబ్బి ఆరితే కుంచించుకుపోయే గుణం దానిది. వారం తిరక్కుండానే వేలు దూరేంత పగుళ్లు వస్తాయి. ఎర్రమట్టి మూడు పాళ్లు, పుట్టమన్ను రెండు, ఇసుక రెండు, ఊక లేదా పొట్టు రెండు, పేడ ఒక పాలు తీసుకోండి. మట్టీ పుట్టమన్నూ జల్లించి మూడు రోజులు నానబెట్టి, తర్వాత మిగతావి కలిపి కాళ్లతో బాగా తొక్కాలి. ఊక ఎందుకంటే, మంట దగ్గర అది కాలిపోయి మట్టిలో సన్నటి గుల్లలు మిగులుస్తుంది. ఆ గుల్లలు వేడిని గోడలోకి పోకుండా గిన్నె వైపు నిలుపుతాయి.

పాళ్లు ఊరూరికీ మారతాయి కాబట్టి పరీక్ష చేసుకోండి. బొటనవేలంత లావు, జానెడు పొడవు కడ్డీలు నాలుగు చేసి నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. పగుళ్లు వస్తే ఇసుక కలపాలి. చేత్తో నలిపితే పొడి రాలితే పుట్టమన్ను కలపాలి. పగలకుండా, విరిచినప్పుడు టక్కున విరిగితే మట్టి కుదిరినట్టు.

పొయ్యి కట్టడం

1. నేల మీద 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు గీత గీయండి. దాని వెనక చివరన గొట్టం దిమ్మెకు 13 అంగుళాల చదరం. నిలబడి వండుకునేవాళ్లు ముందు రెండడుగుల ఎత్తు రాతి తిన్నె కట్టి దాని మీద ఇదే కొలత గీసుకోవచ్చు.

2. ముందు వైపు నుంచి నాలుగున్నర అంగుళాలు వదిలి 9 అంగుళాల వ్యాసం ఉన్న పెద్ద గుంత, మళ్లీ 4 అంగుళాలు వదిలి 8 అంగుళాల చిన్న గుంత. పెద్ద గుంత కింద మూడున్నర అంగుళాల ఎత్తు బూడిద గూడు వదిలి, దాని మీద జల్లెడ కూర్చోబెట్టండి. బూడిద గూటికి ముందు నుంచి 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు నోరు ఉండాలి. గాలి కింద నుంచి వచ్చేది ఇక్కడే. జల్లెడ లేకుండా కడితే కట్టె బూడిదలో కూరుకుపోయి మంట కంటే పొగ ఎక్కువ వస్తుంది.

3. కట్టె పెట్టే నోరు జల్లెడకు పైన 5 అంగుళాల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. దీన్ని పెద్దది చేయమని ఇంట్లో అడుగుతారు, లావు దుంగ పట్టాలని. ఒప్పుకోకండి. నోరు పెద్దదైతే అవసరానికి మించి చల్లగాలి లోపలికి పోయి మంటను చల్లార్చుతుంది.

4. జల్లెడ నుంచి గిన్నె అడుగుకు ఆరున్నర అంగుళాలు ఉండేలా పెద్ద గుంత పైకి లేపండి. అంతకంటే తగ్గితే మంట గిన్నెకు తగిలి సగంలోనే చల్లారి మసి కడుతుంది, ఎక్కువైతే వేడి అందదు. మొత్తం పొయ్యి ఎత్తు 10 అంగుళాలకు వస్తుంది.

5. పెద్ద గుంత నుంచి చిన్న గుంతకు సొరంగం 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు. జల్లెడకు 2 అంగుళాల పైన మొదలవ్వాలి, చిన్న గుంత వైపు కొంచెం పైకి వాలాలి.

6. చిన్న గుంత అడుగున మట్టితో బోర్లించిన గిన్నెలా ఒక గుబ్బ చేయండి. గుబ్బకూ గిన్నె అడుగుకూ మధ్య సందు ఒక అంగుళం. వేడి పొగ ఆ సందులో గిన్నెను రాసుకుంటూ పోతేనే రెండో గిన్నె ఉడుకుతుంది. ఈ ఒక్క కొలత దగ్గర తాపీ పక్కన పెట్టి స్కేలు తీసుకోండి. అడుగు భాగం 6 అంగుళాల వెడల్పున్న గిన్నె చుట్టూ ఒక అంగుళం సందుంటే దారి దాదాపు 19 చదరపు అంగుళాలు. అదే అర అంగుళం చేశారంటే 9కి పడిపోతుంది. గొట్టానికి కావలసిన 12 కంటే తక్కువ, ఇక పొగ నోట్లోంచి వెనక్కి వస్తుంది. రెండంగుళాలు చేస్తే పొగ గిన్నెను పట్టించుకోకుండా జారిపోతుంది.

7. చిన్న గుంత నుంచి దిమ్మెలోకి మరో 4×3 సొరంగం.

8. గొట్టం దిమ్మెకు వరసకు నాలుగు ఇటుకలు, ఒకదాని కొన ఇంకోదాని పక్కకు తగిలేలా తిప్పి పెడితే మధ్యలో 5 అంగుళాల చదరపు దారి దానంతటదే వస్తుంది. మూడడుగుల ఎత్తు, అంటే 11 వరసలు. సొరంగం దిమ్మెలో కలిసే చోటికి 4 అంగుళాల కిందికి గుంత వదలండి, రాలిన మసి అక్కడ పడుతుంది. ఆ గుంతకు ఎదురుగా, మట్టి రాయకుండా ఊడదీసేలా ఒక ఇటుక పెట్టండి. శుభ్రం చేసే తలుపు అదే. దీన్ని మరిచిపోయిన పొయ్యి ఏడాది దాటదు.

9. రెండు గుంతల అంచులకూ ఇనుప వలయాలు మట్టిలో దిగేలా పెట్టండి. సంగటి గెలికేటప్పుడు పడే బలానికి ఉత్త మట్టి అంచు నెలకే విరుగుతుంది.

పాత అలవాటుతో అంచు మీద మూడు పొయ్యిగడ్డలు పెట్టేస్తారు. మామూలు పొయ్యికి అవి ఉండాలి, మంట బయటికి రావాలి కాబట్టి. ఈ పొయ్యికి ఉండకూడదు. గిన్నె వలయం మీద సందు లేకుండా కూర్చోవాలి. గడ్డల సందులోంచి గొట్టం చల్లగాలిని లాగేసుకుంటే పొయ్యి నోటి దగ్గర లాగుడు ఉండదు.

గొట్టం, మిద్దె దాటే చోటు

రేకు గొట్టం మొదలయ్యేది మూడడుగుల ఇటుక దిమ్మె తర్వాతే. కింద మంట దగ్గరే రేకు పెడితే దాని మీద పూత పోసిన జింకు నిలవదు (అది సుమారు 420 డిగ్రీలకే కరుగుతుంది), పొగలా లేచిన జింకు పీల్చితే జ్వరం వస్తుంది. గొట్టాల అతుకులో పై ముక్క కింది ముక్క లోపలికి దూరాలి. తారు లాంటి చెమ్మ కారితే గొట్టం లోపలే కారాలి మరి. మిద్దె దాటిన భాగంలో మాత్రం అతుకు లేని ఒకే ముక్క వాడండి, లేకపోతే ఆ అతుకులోంచి వాన దిగుతుంది.

గది లోపల రేకు గొట్టానికీ కట్టె దూలానికీ మధ్య 18 అంగుళాల ఎడం ఉండాలి. మిద్దె దాటే చోట అంత ఎడం దొరకదు కాబట్టి, గొట్టం చుట్టూ నాలుగు వైపులా 6 అంగుళాల మందాన ఇటుక ముక్కలూ మట్టీ నింపాలి. అంటే 16 అంగుళాల చదరపు రంధ్రం. దంతెల మధ్య అంత సందు లేకపోతే ఒక దంతెను కోసి, రెండు పక్క దంతెలకూ అడ్డ దంతెలు బిగించి బరువు వాటి మీదికి మార్చాలి. ఇది వడ్రంగి పని. దూలాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కోయకూడదు. రంధ్రం అంచున బయటపడ్డ కొమ్మలు, చెక్కలు అన్నిటినీ మట్టితో మెత్తాలి. ఒక్క పుల్ల గొట్టానికి తగిలినా, ఏళ్ల తరబడి వేడికి ఎండి ఎండి ఒకరోజు రాజుకుంటుంది.

మిద్దె మీద గొట్టం చుట్టూ ఆరంగుళాల ఎత్తు కట్ట కట్టి సున్నపు గచ్చు చేయండి. సిమెంటు వద్దు. మట్టిమిద్దె ఎండకూ వానకూ కదులుతూ ఉంటుంది, సిమెంటు కదలదు, మధ్యలో వెంట్రుకంత పగులు వచ్చి దూలం మీదికి నీళ్లు దిగుతాయి. ఏటా తొలకరికి ముందు చౌడు వేసేటప్పుడు ఈ కట్ట మొదలు చుట్టూ ఒక తట్ట ఎక్కువ వేసి తొక్కండి.

గొట్టం కొన పిట్టగోడ కన్నా కనీసం రెండడుగులు పైకి ఉండాలి. పక్కన చెట్టో ఎత్తైన ఇల్లో ఉంటే ఇంకా పెంచాలి. జూన్ నుంచి మన మీదికి వచ్చే పడమటి గాలి చిన్నది కాదు, రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. అది పిట్టగోడకు తగిలి కిందికి సుడి తిరుగుతుంది, కొన ఆ సుడిలో ఉంటే పొగ ఇంట్లోకి దిగుతుంది. టోపీకీ గొట్టం అంచుకూ మధ్య నాలుగంగుళాల ఖాళీ వదలండి. వాన పడుతుందని టోపీని కిందికి నొక్కితే దారి మూసినట్టే. గొట్టానికి మూడు వైపులా జి.ఐ. తీగ లాగి కట్టండి.

ఆరబెట్టడం, మొదటి మంట

పొయ్యి కనీసం పది రోజులు నీడలో ఆరాలి. తర్వాత మూడు రోజులు రోజూ అరగంట సన్నపుల్లల మంట మాత్రమే. తడి పొయ్యిలో పెద్ద మంట పెడితే లోపలి నీరు ఆవిరై మట్టిని పగలగొడుతుంది. వచ్చిన పగుళ్లను అదే మట్టితో మెత్తి, పేడతో అలకండి.

కట్టె

పొయ్యి ఎంత బాగా కట్టినా పచ్చి కట్టె పెడితే అంతా వృథా. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. మంట వేడి ముందు ఆ నీళ్లను ఆవిరి చేయడానికి ఖర్చయి, మిగిలింది వంటకొస్తుంది. పొయ్యి నోటికి సరిపడేలా, ఒకటిన్నర అంగుళం లావుకు చీల్చి, మార్చి నుంచి మే దాకా ఎండలో ఆరబెట్టి, తొలకరికి ముందు కప్పు కిందికి చేర్చండి. ఎండిందో లేదో తేల్చుకోవాలంటే ఒక కట్టె మీద గుర్తు పెట్టి వారానికోసారి తూకం వేయండి. రెండు వారాలు బరువు తగ్గకపోతే ఎండినట్టు.

సర్కారు కంప, తుమ్మ, చింత గట్టి నిప్పులు ఇస్తాయి, సంగటికీ నీళ్లకూ అవే సరి. కందికట్టె, పత్తికట్టె అంటుకోవడానికి మంచివి కానీ చిటికెలో అయిపోతాయి, దగ్గర కూర్చుని తోస్తూ ఉండాలి. గన్నేరు కట్టె పొరపాటున కూడా పెట్టకండి, దాని పొగ విషం. రంగు వేసిన తలుపు చెక్క, ప్లైవుడ్, టైరు ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు.

20 లీటర్ల బకెట్ నీళ్లను 22 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు కాచాలంటే సుమారు 1,930 కిలోజౌళ్ల వేడి కావాలి. ఎండిన కట్టె కిలోకు 15,000 కిలోజౌళ్ల దాకా ఇస్తుంది. మూడు రాళ్ల పొయ్యిలో అందులో 12 శాతం గిన్నెకు దక్కిందనుకుంటే ఒక బకెట్‌కు కిలో పైన కట్టె పడుతుంది. ఈ పొయ్యి సరిగ్గా కుదిరి 25 శాతం దక్కితే అరకిలో చాలు. సంగటి పెద్ద గుంత మీద ఉడుకుతుండగా చిన్న గుంత మీద నీళ్ల గిన్నె పెడితే ఆ అరకిలోలో కూడా కొంత మిగులుతుంది.

రోజూ వాడకం, మసి తీయడం

అంటించే ముందు రెండు గుంతల మీదా గిన్నెలు ఉండాలి. ఒక అగరుబత్తి వెలిగించి నోటి దగ్గర పట్టండి. పొగ లోపలికి పోతే గొట్టం లాగుతున్నట్టు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఒక్కోసారి ఇది తిరగబడుతుంది. రెండడుగుల గోడల మధ్య ఇంట్లో గాలి బయటి కన్నా చల్లగా, బరువుగా ఉండి, పైకి లేవకుండా గొట్టంలో కిందికి జారుతుంది. అప్పుడు దిమ్మె తలుపు ఇటుక తీసి, గుప్పెడు ఎండు జొన్న ఆకు లోపల కాల్చి ఇటుక పెట్టేయండి. గొట్టం వేడెక్కగానే లాగుడు మొదలవుతుంది.

కట్టెలు ఒకసారికి మూడు, నాలుగే, వాటి మధ్య వేలు దూరే సందుతో. నోటిని కుక్కేస్తే గాలి ఆడదు. బూడిద రోజూ తీయాలి. పదిహేను రోజులకోసారి చల్లటి పొయ్యిలో, గోనె ముక్క చుట్టిన బరువును తాడుకు కట్టి మిద్దె మీది నుంచి గొట్టంలోకి దించి పైకీ కిందికీ లాగండి. మసి దిమ్మె గుంతలో పడుతుంది. మసి పావు అంగుళం మందం పట్టినా నాలుగంగుళాల దారి మూడున్నర అవుతుంది, వైశాల్యం 12 నుంచి 9 చదరపు అంగుళాలకు పడిపోతుంది.

పొగ ఆగిపోయాక ఇంకొకటి గమనించాలి. ఇన్నేళ్లూ దూలాలను చెదల నుంచి కాపాడింది ఆ పొగే. ఇక అది అటు పోదు. ఏడాదికోసారి దూలాలూ దంతెలూ తట్టి చూసి, వేపనూనె పట్టించండి.

ఏదైనా తేడా వస్తే

నోట్లోంచి పొగ వస్తుంటే ముందు దిమ్మె గుంత తెరిచి మసి చూడండి, తర్వాత చిన్న గుంత గుబ్బ మీద స్కేలు పెట్టండి. రెండూ బాగుంటే వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందేమో చూడండి. తలుపులు మూసి ఫ్యాన్ వేస్తే, అది పొగగొట్టంలోంచే గాలిని వెనక్కి లాగుతుంది. పొయ్యి వెలిగినంతసేపూ ఫ్యాన్ ఆపి, ఒక కిటికీ తెరిచి ఉంచాలి.

గాలి వీచినప్పుడు మాత్రమే పొగ దిగితే గొట్టం ఒకటి రెండు అడుగులు పెంచాలి. రెండో గిన్నె ఎప్పటికీ ఉడకకపోతే గుబ్బ అరిగిపోయింది, మట్టి మెత్తి మళ్లీ అంగుళానికి తేవాలి. మంట భగ్గున మండి కట్టె ఇట్టే అయిపోతుంటే గొట్టం మరీ ఎక్కువ లాగుతోంది. బూడిద గూటి నోటికి సగం ఇటుక అడ్డం పెట్టండి. ఊదుగొట్టం తీసుకోవాల్సి వస్తుందంటే కట్టె పచ్చిగానైనా ఉంది, జల్లెడ సందులైనా పూడాయి.

మిద్దె దాటే చోట లోపలి వైపు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, మట్టి కమిలిన వాసన వచ్చినా వెంటనే మంట ఆర్పి, చుట్టూ నింపిన మట్టిని విప్పి చూడాలి. లోపల ఎక్కడో ఒక పుల్ల గొట్టానికి తగిలి ఉంటుంది. చలికాలం రాత్రి పొయ్యిలో మిగిలిన నిప్పుల్ని కుంపట్లోకి తీసి పడుకునే గదిలో పెట్టుకోవద్దు. పొగ లేని ఆ నిప్పుల్లోంచే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, తలుపులు మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి కాచుకోవాలంటే వంటింట్లోనే, ఇటుక దిమ్మె పక్కన పీట వేసుకోండి. పొయ్యి ఆరాక కూడా దిమ్మె చాలాసేపు వెచ్చగా ఉంటుంది.